పక్కపక్కనే పనిచేసే సెన్సర్ గుంపుల సిగ్నళ్లు ఒకదానికొకటి అడ్డుపడకుండా అమర్చుకోవడం

పశ్చిమ గోదావరి జిల్లాలో రొయ్యల చెరువుల గట్ల మీద, నీటిలో కరిగిన ఆక్సిజన్‌ను కొలిచి వైర్లు లేకుండా పంపే సెన్సర్లను పెట్టేవారికి ఒక సమస్య తరచుగా ఎదురవుతుంది. మొదటి బ్లాకులో ఒక గేట్‌వేను (రీడింగులను అందుకుని ఇంటర్నెట్‌కు చేర్చే పెట్టెను), దాని కింద ఇరవై నోడ్లను (సెన్సర్, రేడియో ఉన్న చిన్న పరికరాలను) పెట్టినప్పుడు అంతా సవ్యంగా నడుస్తుంది. పక్క బ్లాకులో అటువంటిదే రెండో గుంపును, ఆ తరువాత మూడో గుంపును పెట్టాక, ఏ పరికరమూ చెడిపోకుండానే రీడింగులు తప్పిపోవడం మొదలవుతుంది. అది కూడా మధ్యాహ్నం పరీక్షించినప్పుడు కనిపించదు. రొయ్యలకు ప్రాణావసరమైన తెల్లవారుజామునే కనిపిస్తుంది.

దీనికి కారణం చాలాసార్లు ఒకటే. ప్రతి గుంపుకూ వేరే గుర్తింపు సంఖ్య ఇచ్చాము కాబట్టి గుంపులు వేరైపోయాయని అనుకుంటాము. పేరు వేరైనంత మాత్రాన గాలి వేరుపడదు. నేను కూడా మొదట్లో మూడు గుంపులకు మూడు గుర్తింపు సంఖ్యలు ఇచ్చి, ఛానెల్‌ను మాత్రం ఫర్మ్‌వేర్‌లో, అంటే పరికరంలో నడిచే ప్రోగ్రాంలో, ముందుగా ఉన్న 26గానే వదిలేసి, లోపం ఆంటెన్నాలలో ఉందని రెండు వారాలు వెతికాను. గాలిని నిజంగా వేరుచేయగలిగేవి ఛానెల్, కాలం, దూరం, సిగ్నల్ బలం మాత్రమే. వీటిని ఏ వరుసలో, ఏ కొలతలతో ఉపయోగించాలో ఇక్కడ వివరిస్తాను. ఉదాహరణ చెరువులదే అయినా, పాలీహౌసులకైనా, గోదాములకైనా, పెద్ద భవనాలకైనా పద్ధతి ఇదే.

గాలిలో జరిగేది

ఈ వివరణ ముఖ్యంగా ఐఈఈఈ 802.15.4 ప్రమాణాన్ని పాటించే రేడియోలకు సంబంధించినది. 2003లో తొలిసారి వెలువడిన ఈ ప్రమాణమే జిగ్‌బీ, థ్రెడ్, వైర్‌లెస్‌హార్ట్ అనే వైర్‌లెస్ పద్ధతులకు ఆధారం. 2.4 గిగాహెర్ట్జ్ బ్యాండ్‌లో దీనికి 11 నుంచి 26 వరకు సంఖ్యలు గల 16 ఛానెళ్లు ఉన్నాయి. 11వ ఛానెల్ మధ్యబిందువు 2405 మెగాహెర్ట్జ్ కాగా, ఒక్కో ఛానెల్‌కు 5 మెగాహెర్ట్జ్ చొప్పున పెరుగుతూ 26వది 2480 దగ్గర ఉంటుంది. వేగం సెకనుకు 250 కిలోబిట్లు, అంటే ఒక్కో బైటు గాలిలో 32 మైక్రోసెకన్లు తీసుకుంటుంది. ఫ్రేమ్, అంటే రేడియో ఒక్కసారిగా పంపే సందేశం, 127 బైట్లకు మించదు కాబట్టి, దానికి ముందు వెళ్లే 6 బైట్లను కలుపుకున్నా అతి పెద్ద ఫ్రేమ్ కూడా 4.3 మిల్లీసెకన్లలోపే పూర్తవుతుంది.

గుంపుకు ఇచ్చే 16 బిట్ల గుర్తింపు సంఖ్యను పాన్ ఐడీ అంటారు. అది ఫ్రేమ్ లోపల ఉంటుంది. కనుక ఒక ఫ్రేమ్ తనదా కాదా అని తేల్చుకోవడానికి రేడియో ముందు దానిని అందుకోవాలి. పరాయి ఫ్రేమ్‌ను అందుకునే పనిలో ఉన్న గేట్‌వే దగ్గరకు అదే క్షణంలో సొంత నోడ్ ఫ్రేమ్ వస్తే, అది చెడిపోయే అవకాశమే ఎక్కువ. పాన్ ఐడీ పరాయి ఉత్తరాన్ని తెరవకుండా పక్కన పెట్టడానికి పనికివస్తుంది కానీ, ఆ ఉత్తరాలు గుమ్మాన్ని మూసివేయకుండా ఆపలేదు.

పంపే ముందు ఛానెల్ ఖాళీగా ఉందో లేదో విని చూసే సీఎస్ఎంఏ పద్ధతి ఉంది కదా, అది సరిపోదా అన్న ప్రశ్న సహజం. నోడ్ 0 నుంచి 7 వరకు ఏదో ఒక సంఖ్యను ఎంచుకుని, అన్ని 320 మైక్రోసెకన్ల విరామాలు ఆగి, 128 మైక్రోసెకన్లపాటు వింటుంది. ఎవరైనా మాట్లాడుతుంటే మరింత ఎక్కువసేపు ఆగి, మొత్తం ఐదుసార్లు ప్రయత్నించి విరమిస్తుంది. అయితే వినేది పంపే నోడ్, దెబ్బతినేది అందుకునే గేట్‌వే. గేట్‌వేకు తూర్పున మీ నోడ్, పడమర పొరుగు గుంపు నోడ్ ఉండి, అవి రెండూ ఒకదానికొకటి వినపడనంత దూరంలో ఉంటే, ఇద్దరికీ ఛానెల్ ఖాళీగానే కనిపిస్తుంది, ఇద్దరూ ఒకేసారి పంపుతారు, గేట్‌వే దగ్గర రెండూ ఢీకొంటాయి.

ఇంకొక సూక్ష్మం ఉంది, దీనిని చాలామంది గమనించరు. ఛానెల్ ఖాళీగా ఉందని తేల్చడానికి రేడియో ఒక హద్దును పెట్టుకుంటుంది. ఎక్కువగా వాడిన సీసీ2420 చిప్‌లో మార్చకుండా వదిలేస్తే ఆ హద్దు మైనస్ 77 డీబీఎమ్ (సిగ్నల్ బలపు కొలత; మైనస్ పక్కన అంకె పెద్దదైతే సిగ్నల్ అంత బలహీనం). అదే చిప్ మైనస్ 95 డీబీఎమ్ వరకు బలహీనమైన సిగ్నల్‌ను అందుకోగలదు. ఈ రెండింటి నడుమ ఉన్న 18 డెసిబెల్స్ మేర, పొరుగువారి సిగ్నల్‌ను మీ నోడ్ లెక్కలోకి తీసుకోదు, కానీ ఆ సిగ్నల్ మాత్రం మీ బలహీనమైన లింకులను చెడగొట్టగలదు. అందువల్ల హద్దును కొంత కిందికి దించుకోవచ్చు, కాకపోతే మరీ దించితే నోడ్ ప్రతి చిన్న శబ్దానికీ ఆగిపోయి ఏమీ పంపలేని స్థితికి వస్తుంది.

ముందుగా కొలవడం

ఛానెళ్లను పంచే ముందు ఏ గుంపు ఏ గుంపుకు వినపడుతుందో తెలుసుకోవాలి. మ్యాపు మీద దూరాలను చూసి ఊహించడం సరికాదు. గట్టు మీద కొబ్బరి చెట్ల వరుస, రేకుల షెడ్డు, నీటి ఉపరితలం సిగ్నల్‌ను మన అంచనాకు అందని విధంగా మారుస్తాయి. మాటలు అర్థమయ్యే దూరం కంటే, అర్థం కాకపోయినా గొడవగా వినిపించే దూరం ఎక్కువ. కాబట్టి పొరుగు గుంపు ప్యాకెట్లు మీ గేట్‌వేలో సరిగా చదవబడకపోయినంత మాత్రాన దాని వల్ల ఇబ్బంది లేదని అనుకోకూడదు.

కొలిచే పద్ధతి ఇలా ఉండాలి. అన్ని గుంపులనూ తాత్కాలికంగా ఒకే ఛానెల్‌లో పెట్టి, ఒక్కో నోడ్ చేత వంతులవారీగా వంద ప్యాకెట్లు పంపించాలి. ఆ సమయంలో మిగిలిన గేట్‌వేలు, దారి మధ్యలో ప్యాకెట్లను అందించే నోడ్లు అన్నీ వింటూ, తమకు అందిన సిగ్నల్ బలాన్ని, అంటే ఆర్ఎస్ఎస్ఐని రాసుకోవాలి. ఇరవై నోడ్లున్న ఆరు గుంపులకైనా ఈ పని ఒక పూటలో పూర్తవుతుంది. ఆ తరువాత ప్రతి గేట్‌వేకు రెండు సంఖ్యలు తీసుకోవాలి: తన గుంపులో అన్నిటికంటే బలహీనంగా అందిన నోడ్ సిగ్నల్ ఎంత, పరాయి గుంపులలో అన్నిటికంటే బలంగా వినపడిన నోడ్ సిగ్నల్ ఎంత. సొంతది పరాయిదాని కంటే కనీసం 10 డెసిబెల్స్ పైన ఉంటే ఆ రెండు గుంపులూ ఒకే ఛానెల్‌ను పంచుకోవచ్చు. లేకపోతే వాటి మధ్య తగువు ఉన్నట్టు గుర్తుపెట్టుకోవాలి. ప్రయోగశాలలో మూడు నాలుగు డెసిబెల్స్ తేడాతోనూ ఈ రేడియోలు పనిచేస్తాయి కానీ, గాలి, వాన, చెరువులో నీటి మట్టం మారినప్పుడు సిగ్నల్ మారుతుంది కాబట్టి 10కి తగ్గకుండా చూసుకోవడమే మంచిదని నా అభిప్రాయం.

దీనితోపాటు 16 ఛానెళ్లలో ఒక్కోదాని మీద బయటి సందడి ఎంత ఉందో ఒక రోజంతా, రాత్రితో సహా, గేట్‌వే చేత కొలిపించాలి. దాదాపు ప్రతి చిప్‌లోనూ ఈ సదుపాయం ఉంటుంది. సగటు విలువ ఒక్కటే చూస్తే మోసపోతాము. వైఫై సందడి మెరుపుల్లా వచ్చిపోతుంది కాబట్టి, ఒక హద్దును దాటిన కొలతలు నూటికి ఎన్నో లెక్కించాలి.

ఛానెళ్ల పంపకం

వైఫైతో ఉన్న సంబంధాన్ని ముందు తేల్చుకోవాలి. వైఫై 1వ ఛానెల్ 2412 చుట్టూ సుమారు 22 మెగాహెర్ట్జ్ వెడల్పున పరుచుకుని సెన్సర్ల 11 నుంచి 14 వరకు గల ఛానెళ్లను కప్పేస్తుంది. వైఫై 6వ ఛానెల్ మన 16 నుంచి 19 వరకు, వైఫై 11వ ఛానెల్ మన 21 నుంచి 24 వరకు కప్పుతాయి. ఈ మూడూ వాడకంలో ఉన్న చోట ఖాళీగా మిగిలేవి 15, 20, 25, 26 మాత్రమే. పట్టణంలోని భవనంలో మీ స్థితి ఇదే. మన దేశంలో వైఫై 12, 13 ఛానెళ్లను కూడా వాడవచ్చు కాబట్టి, పొరుగు రౌటర్ 13లో ఉంటే 25, 26 కూడా సురక్షితం కావు. అందుకే కొలిచి చూడమన్నాను. బ్లూటూత్ లో ఎనర్జీ పరికరాలు తమ ఉనికిని చాటే ప్రకటనలను 2402, 2426, 2480 మెగాహెర్ట్జ్‌ల మీద పంపుతాయి. మూడోది సరిగ్గా 26వ ఛానెల్ మీద, రెండోది 15వ ఛానెల్ అంచు మీద పడతాయి. మనుషుల రాకపోకలు ఎక్కువగా ఉండే చోట ఈ సంగతిని గుర్తుంచుకోవాలి.

చెరువుల దగ్గర పరిస్థితి ఇంతకంటే నయం. అక్కడ ఉండే వైఫై సాధారణంగా కాపలా షెడ్డులోని ఒక రౌటర్ మాత్రమే, అది కూడా మీ చేతిలోనే ఉంటుంది. దానిని 1వ ఛానెల్‌లో, 20 మెగాహెర్ట్జ్ వెడల్పుకు కట్టివేస్తే, 15 నుంచి 26 వరకు మొత్తం 12 ఛానెళ్లు మీకు దక్కుతాయి. రౌటర్‌ను ఆటోలో వదిలేస్తే అది ఏ రాత్రి ఏ ఛానెల్‌కు మారుతుందో ఎవరికీ తెలియదు. ఎంతో శ్రమించి సెన్సర్ల ఛానెళ్లను సరిచేసి, రౌటర్‌ను మాత్రం ఆటోలో ఉంచినవారిని చూశాను. ఆ ఒక్క అమరిక మొత్తం శ్రమను వృథా చేస్తుంది.

ఇక పక్క ఛానెళ్ల సంగతి. 25, 26 వేర్వేరు ఛానెళ్లే కదా అని పక్కపక్క గుంపులకు వాటిని ఇవ్వడం అంత క్షేమం కాదు. ప్రమాణం ప్రకారం రేడియో పక్క ఛానెల్ సిగ్నల్ తనదానితో సమాన బలంలో ఉన్నప్పుడు తట్టుకుంటే చాలు, అంటే 0 డెసిబెల్స్. ఒక ఛానెల్ విడిచి అవతలి ఛానెల్ విషయంలో మాత్రం 30 డెసిబెల్స్ ఎక్కువ బలమున్నా తట్టుకోవాలి. మంచి చిప్‌లు ఇంతకంటే బాగానే పనిచేస్తాయి. అయినా మీ గేట్‌వేకు మూడు మీటర్ల దూరంలో పొరుగు గుంపు నోడ్ ఉండి, మీ సొంత నోడ్ రెండు వందల మీటర్ల దూరంలో ఉంటే, వాటి బలాల తేడా ఖాళీ ప్రదేశంలోనే 36 డెసిబెల్స్ దాటుతుంది. కాబట్టి తగువున్న గుంపుల మధ్య కనీసం ఒక ఛానెల్‌ను, వీలైతే రెండింటిని ఖాళీగా వదలాలి. రౌటర్‌ను 1లో కట్టివేసిన చోట నేను 16, 19, 22, 25లను ఎంచుకుంటాను. వాటి మధ్య 15 మెగాహెర్ట్జ్ ఎడం ఉంటుంది, బ్లూటూత్ ప్రకటనలూ వాటి మీద పడవు.

నాలుగు ఛానెళ్లను ఆరు గుంపులకు పంచే పనిని మ్యాపుకు రంగులు వేయడంలా చేయాలి. రెండు వరుసలలో మూడేసి బ్లాకులు ఉన్నాయనుకుందాం: పై వరుసలో 1, 2, 3, వాటి కింద 4, 5, 6. పక్కనున్నవాటికి, ఎదురుగా ఉన్నవాటికి, మూలగా ఉన్నవాటికి కూడా తగువు ఉందని కొలతల్లో తేలిందనుకుందాం. అప్పుడు 2వ, 5వ బ్లాకులకు ఐదేసి తగువులు, మిగిలిన నాలుగింటికి మూడేసి ఉంటాయి. తగువులు ఎక్కువగా ఉన్నవాటితో మొదలుపెట్టాలి. 2కు 16, 5కు 22 ఇద్దాం. 1, 2, 4, 5 నాలుగూ ఒకదానితో ఒకటి తగువులో ఉన్నాయి కనుక 1కి 19, 4కి 25 ఇవ్వవలసి వస్తుంది. మిగిలిన 3కు, 6కు 19, 25లను ఎటు పంచినా నియమం తప్పదు. అయితే 3కు 19 ఇస్తే అది అదే వరుసలోని 1తో ఛానెల్‌ను పంచుకుంటుంది; 3కు 25, 6కు 19 ఇస్తే ఒకే ఛానెల్‌లోని బ్లాకులు ఎదురు మూలల్లో, మరింత దూరంగా ఉంటాయి. రెండోదే మేలు. గుంపులు ఎక్కువైనా పద్ధతి మారదు: ఎక్కువ తగువులున్నవాటికి ముందు ఇవ్వడం, రెండు దారులు కనిపించినప్పుడు ఒకే ఛానెల్‌లోనివాటిని ఎక్కువ దూరం చేసే దారిని ఎంచుకోవడం.

ఒకే స్తంభానికి రెండు గేట్‌వేలను బిగించవలసి వస్తే ఆంటెన్నాలను ఒకదాని పైన ఒకటిగా, కనీసం ఒక మీటరు ఎడంతో నిలువుగా పెట్టి, వాటికి ఈ నాలుగింటిలో దూరంగా ఉన్న ఛానెళ్లను ఇవ్వాలి.

సిగ్నల్ బలం, ఆంటెన్నా ఎత్తు

బలం ఎంత పెంచితే అంత మంచిదన్న నమ్మకం పక్క గుంపుల పాలిట శాపం. సీసీ2420 వంటి చిప్ 0 నుంచి మైనస్ 25 డీబీఎమ్ వరకు అనేక మెట్లలో పంపగలదు, ఆ మెట్లను వాడుకోవాలి. ప్రతి నోడ్ బలాన్ని ఒక్కో మెట్టు తగ్గిస్తూ, గేట్‌వే దగ్గర దాని సిగ్నల్ అందుకోగల హద్దు కంటే 10 నుంచి 15 డెసిబెల్స్ పైన ఉండే మెట్టు దగ్గర ఆపాలి. గేట్‌వేకు దగ్గరి నోడ్లు ఎక్కువ తగ్గుతాయి, దూరపువి కొద్దిగా తగ్గుతాయి. బ్యాటరీ కూడా కొంత మిగులుతుంది.

ఆంటెన్నా ఎత్తు అంతకంటే పదునైన ఆయుధం, ముఖ్యంగా నీటి మీద. చదునైన నీటి మీదుగా వెళ్లే సిగ్నల్ నేరుగా ఒకటి, నీటిని తాకి మరొకటిగా రెండు దారుల్లో చేరుతుంది. రెండు ఆంటెన్నాల ఎత్తులను గుణించి, 4తో హెచ్చించి, తరంగదైర్ఘ్యంతో భాగిస్తే వచ్చే దూరం దాటిన తరువాత ఈ రెండూ ఒకదానినొకటి తగ్గించుకుంటూ పోతాయి. ఆ దూరంలోపల దూరం రెట్టింపైతే సిగ్నల్ ఇంచుమించు 6 డెసిబెల్స్ తగ్గితే, దానికి అవతల 12 డెసిబెల్స్ తగ్గుతుంది. 2.4 గిగాహెర్ట్జ్ దగ్గర తరంగదైర్ఘ్యం దాదాపు 12 సెంటీమీటర్లు. రెండు ఆంటెన్నాలూ నీటికి ఒక్క మీటరు ఎత్తులో ఉంటే ఆ మలుపు సుమారు 33 మీటర్ల దగ్గర వస్తుంది. గేట్‌వే ఆంటెన్నాను 6 మీటర్లకు ఎత్తితే 200 మీటర్లకు చేరువవుతుంది. అంటే గేట్‌వేను కొబ్బరి చెట్టంత ఎత్తున పెడితే సొంత నోడ్లు బాగా వినిపిస్తాయి, వాటితోపాటు ఊరిలోని గుంపులన్నీ వినిపిస్తాయి. గుంపు విస్తీర్ణం వంద మీటర్లలోపే ఉన్నప్పుడు గేట్‌వేను రెండు మీటర్ల ఎత్తులోనే ఉంచి, దూరంగా ఉన్న ఒకటి రెండు నోడ్లకు మధ్యలో మరొక నోడ్ ద్వారా దారి కల్పించడమే సరైనది.

కాలాన్ని పంచడం

ఛానెల్‌ను పంచుకోక తప్పని గుంపులకు, మన ఉదాహరణలో 1కి 6తోనూ, 3కు 4తోనూ, కాలాన్ని పంచాలి. దీనికి ముందు గాలిలో నిజంగా ఎంత రద్దీ ఉందో లెక్క వేయాలి. 60 బైట్ల ఫ్రేమ్ 2.1 మిల్లీసెకన్లు తీసుకుంటుంది. ఇరవై నోడ్లు నిమిషానికి ఒక్కసారి పంపితే మొత్తం 42 మిల్లీసెకన్లు, అంటే నిమిషంలో 0.07 శాతం. ఇంత ఖాళీ ఉన్న ఛానెల్‌లో ప్యాకెట్లు ఎందుకు పోతున్నాయన్న సందేహం ఇక్కడే వస్తుంది. కారణాలు రెండు.

మొదటిది, అందరూ ఒకే క్షణంలో పంపడం. నోడ్లన్నిటిలో ఒకే ఫర్మ్‌వేర్ ఉండి, గడియారం ప్రకారం ప్రతి నిమిషం 0 సెకన్ల దగ్గర పంపమని రాసి ఉంటే, 59 సెకన్లు ఖాళీగా ఉండి ఒక్క సెకనులో తొక్కిసలాట జరుగుతుంది. ప్రతి నోడ్ తన క్రమసంఖ్యను బట్టి నిమిషంలో తనకంటూ ఒక స్థానాన్ని తీసుకుని, దానికి ఒకటి రెండు సెకన్ల యాదృచ్ఛిక తేడాను కలుపుకునేలా రాయాలి. రెండు మూడు పంక్తుల మార్పుతో అయ్యే ఈ పని చాలాచోట్ల సగం సమస్యను తీరుస్తుంది.

రెండోది నిద్ర పద్ధతి. బ్యాటరీని ఆదా చేయడానికి రేడియోను నిద్రపుచ్చి, సెకనుకు 8 సార్లు మాత్రం లేపి వినే కాంటికీమ్యాక్ వంటి పద్ధతిలో, అవతలి నోడ్ ఎప్పుడు లేస్తుందో తెలియని పంపేవాడు అదే ప్యాకెట్‌ను అది లేచేదాకా మళ్లీ మళ్లీ పంపుతాడు. ఆ వ్యవధి 125 మిల్లీసెకన్ల వరకు ఉండవచ్చు, సగటున దానిలో సగం. అప్పుడు ఇరవై నోడ్ల నిమిషపు వాడకం 42 మిల్లీసెకన్ల నుంచి 1.25 సెకన్లకు, అంటే 2 శాతానికి పెరుగుతుంది. ఆరు గుంపులూ ఒకే ఛానెల్‌లో ఉంటే 12.5 శాతం. పైగా పరాయి గుంపు మాటలకు మీ నోడ్లు అనవసరంగా మేలుకుని బ్యాటరీని ఖర్చు చేసుకుంటాయి. గేట్‌వేకు కరెంటు ఉన్న చోట దాని రేడియోను ఎప్పుడూ మేలుకునే ఉంచి, నేరుగా దానికి పంపే నోడ్లు ఒక్కసారే పంపేలా అమర్చితే ఈ భారం చాలావరకు పోతుంది. ఈ పరికరాలను కూర్చి అమర్చే ఏ ఇంటిగ్రేటర్‌నైనా నేను మొదట అడిగే ప్రశ్న ఇదే.

ఒక్కో గుంపుకూ పంపడానికి వేరే కాలపు భాగాన్ని ఇచ్చే కిటికీల పద్ధతి సులభమైనది. గేట్‌వేలు ఇంటర్నెట్ ద్వారా కాలాన్ని సరిచేసుకుంటాయి కాబట్టి, ప్రతి నిమిషంలో మొదటి అర భాగాన్ని 1వ గుంపుకు, రెండో అర భాగాన్ని 6వ గుంపుకు ఇవ్వవచ్చు. నోడ్ గడియారాలు మాత్రం తప్పుతూ ఉంటాయి. గడియారాలను నడిపే రెండు స్ఫటికాల మధ్య తేడా పది లక్షలకు 40 వంతులైతే, నిమిషానికి ఒకసారి సరిచేసుకునే నోడ్ 2.4 మిల్లీసెకన్లు మాత్రమే తప్పుతుంది. గంటకు ఒకసారి సరిచేసుకునేది 144 మిల్లీసెకన్లు తప్పుతుంది. ఎండలో కాగి రాత్రి చల్లబడే పెట్టెలో ఈ తేడా ఇంకా పెరుగుతుంది. కిటికీల మధ్య ఒక సెకను ఖాళీ వదిలితే దేనికీ లోటుండదు.

ఒకే గుంపులో ఎక్కువ నోడ్లు, ఎక్కువ అంచెలు ఉన్నవారు 2012లో 802.15.4ఇ సవరణతో వచ్చిన టీఎస్‌సీహెచ్ పద్ధతిని వాడవచ్చు. అందులో కాలాన్ని సాధారణంగా 10 మిల్లీసెకన్ల గడులుగా విభజించి, ప్రతి గడిలోనూ ఛానెల్‌ను మారుస్తూ పోతారు. ఒక ఛానెల్‌లో వైఫై ఉన్నా తరువాతి ప్రయత్నం మరో ఛానెల్‌లో జరుగుతుంది కాబట్టి నష్టం పరిమితమవుతుంది. కానీ రెండు గుంపులూ ఒకే వరుసలో ఛానెళ్లను మారుస్తూ, వేర్వేరు గడియారాల మీద నడిస్తే ఒక చిత్రమైన లోపం వస్తుంది. వాటి గడియారాల తేడా వల్ల ఒకే వరుస రెండు చోట్లా ఒకే అంకె దగ్గర కలిసినప్పుడు, ఒకే గడిలో మాట్లాడే లింకులు ప్రతిసారీ ఢీకొంటాయి. మిగిలిన వేళల్లో అసలు ఢీకొనవు. పది లక్షలకు 20 వంతుల తేడా ఉంటే ఒక గడి జరగడానికి 500 సెకన్లు పడుతుంది. అంటే లోపం కొన్ని నిమిషాలు కనిపించి, గంటల తరబడి మాయమై, మళ్లీ వస్తుంది. దీనిని వెతికి పట్టుకోవడం చాలా కష్టం, రాకుండా చేయడం తేలిక: ఒక్కో గుంపుకూ వేరే ఛానెల్ వరుసను ఇవ్వడం, లేదా గేట్‌వేలన్నిటినీ ఒకే కాలానికి కట్టి వేర్వేరు ఛానెల్ ఆఫ్‌సెట్లు (ఆ వరుసలో స్థానపు తేడాలు) ఇవ్వడం.

తెల్లవారుజాము సమస్య ఈ భాగానికే చెందుతుంది. రాత్రి కిరణజన్య సంయోగక్రియ ఉండదు, రొయ్యలూ నాచూ సూక్ష్మజీవులూ అన్నీ ఆక్సిజన్‌ను వాడుకుంటూనే ఉంటాయి కాబట్టి, తెల్లవారేముందు కరిగిన ఆక్సిజన్ కనిష్ఠానికి చేరుతుంది. ఒకే వాతావరణంలో ఉన్న చెరువులన్నీ ఇంచుమించు ఒకే గంటలో హెచ్చరిక హద్దును దాటుతాయి. హద్దు దాటగానే ప్రతి నోడ్ సెకనుకొక ప్యాకెట్ పంపాలని రాసి ఉంటే, అన్ని గుంపులూ ఒకేసారి అరవడం మొదలుపెట్టి ఒక్క హెచ్చరికా సరిగా చేరదు. నీటిలో ఆక్సిజన్ సెకన్లలో కాదు, నిమిషాల మీద మారుతుంది. కనుక హెచ్చరికను 0 నుంచి 10 సెకన్ల మధ్య యాదృచ్ఛికంగా ఆపి పంపడం, అందినట్టు గేట్‌వే నుంచి జవాబు రాకపోతే ప్రతిసారీ వ్యవధిని పెంచుతూ మళ్లీ పంపడం, అందిన తరువాత 15 సెకన్లకొక రీడింగు చాలనుకోవడం సరైన పద్ధతి. హెచ్చరిక మాత్రం కిటికీ కోసం ఎదురుచూడకూడదు.

పేర్లూ తాళాలూ కూడా అవసరమే

పాన్ ఐడీ గాలిని వేరుచేయదని చెప్పాను కానీ, దానిని నిర్లక్ష్యం చేయమని కాదు. ప్రతి గుంపుకూ వేరే పాన్ ఐడీతోపాటు వేరే భద్రతా తాళం (సందేశాలను కాపాడే రహస్య సంఖ్య) ఇవ్వాలి. తయారీదారు ఇచ్చిన తాళాన్నే అన్ని గుంపులలో వదిలేస్తే, కరెంటు పోయి వచ్చినప్పుడు అంచుల్లో ఉన్న నోడ్లు పక్క గుంపులో చేరిపోయి, 3వ చెరువు రీడింగు 5వ చెరువు ఖాతాలో పడే ప్రమాదం ఉంది. అమరిక పూర్తయ్యాక కొత్త నోడ్లను చేర్చుకునే సదుపాయాన్ని ఆపివేయాలి.

పాన్ ఐడీ కాపాడలేని ఒక చోటు ప్రత్యేకంగా చెప్పాలి. 802.15.4 తొలి ప్రమాణాలలో ప్యాకెట్ అందిందని చెప్పే జవాబు ఫ్రేమ్ 5 బైట్లే. అందులో చిరునామా లేదు, పాన్ ఐడీ లేదు, వరుస సంఖ్య మాత్రమే ఉంది. ఒకే ఛానెల్‌లో పక్క గుంపు గేట్‌వే ఎవరికో ఇచ్చిన జవాబు, అదే వరుస సంఖ్యతో, సరైన క్షణంలో వినిపిస్తే మీ నోడ్ తన ప్యాకెట్ చేరిందనుకుని దానిని చెరిపేస్తుంది. కరెంటు వచ్చిన వెంటనే అన్ని నోడ్లూ వరుస సంఖ్యను 0 నుంచి మొదలుపెట్టే ఫర్మ్‌వేర్‌లో ఈ ప్రమాదం పెరుగుతుంది. వరుస సంఖ్యను యాదృచ్ఛికంగా మొదలుపెట్టడం, ముఖ్యమైన హెచ్చరికలకు రేడియో జవాబును నమ్మకుండా గేట్‌వే ప్రోగ్రాం నుంచే, తాళంతో కూడిన వేరే జవాబు తెప్పించుకోవడం దీనికి మందు.

లోరా వాడేవారికి

మన దేశంలో 865 మెగాహెర్ట్జ్ బ్యాండ్‌లో లోరా అనే, ఎక్కువ దూరం పంపే రేడియో పద్ధతిని వాడేవారికీ ఇవే సూత్రాలు వర్తిస్తాయి. ఈ దేశానికి నిర్ణయించిన మూడు ప్రాథమిక ఛానెళ్లు 865.0625, 865.4025, 865.985 మెగాహెర్ట్జ్. లోరాలో సింక్ వర్డ్ అనేది పాన్ ఐడీ వంటిదే. అది వేరైనా గాలి ఒకటే. సిగ్నల్‌ను కాలంలో ఎంత సాగదీసి పంపాలో నిర్ణయించే విస్తరణ గుణకం, అంటే ఎస్ఎఫ్, వేరైతే రెండు సిగ్నళ్లు చాలావరకు కలిసి ఉండగలవు, కానీ బలాల తేడా మరీ ఎక్కువైతే ఉండలేవు. 10 బైట్ల ప్యాకెట్ 125 కిలోహెర్ట్జ్ వెడల్పులో ఎస్ఎఫ్ 7తో 41 మిల్లీసెకన్లు, ఎస్ఎఫ్ 12తో 991 మిల్లీసెకన్లు గాలిని ఆక్రమిస్తుంది. దూరం కోసమని అన్ని నోడ్లనూ ఎస్ఎఫ్ 12లో పెట్టడం పొరుగు గుంపుకు చేసే అన్యాయం. గేట్‌వేకు దగ్గరివి 7లోనే ఉండాలి.

పరీక్షించడం

ఒక్కో గుంపును విడిగా పరీక్షించి అంతా బాగుందని సంతకం పెట్టడం ఈ పనిలో జరిగే అతి సాధారణమైన తప్పు. అన్ని గుంపులనూ ఒకేసారి నడిపి, హెచ్చరిక స్థితిలోకి కావాలని నెట్టి, కనీసం మూడు రాత్రులు చూడాలి. ప్రతి ప్యాకెట్‌లోనూ నోడ్ పెంచుకుంటూ పోయే వరుస సంఖ్య ఉండాలి, అప్పుడే ఎన్ని తప్పిపోయాయో గేట్‌వే కచ్చితంగా లెక్కించగలదు. నోడ్‌లో మరో రెండు లెక్కలు పెట్టించాలి: ఛానెల్ ఖాళీ దొరక్క విరమించినవి ఎన్ని, పంపినా జవాబు రానివి ఎన్ని. ఖాళీ దొరకనివి ఎక్కువైతే వినపడే రద్దీ ఉన్నట్టు, అప్పుడు ఛానెల్‌ను లేదా కాలాన్ని మార్చాలి. ఖాళీ సులభంగా దొరుకుతూ జవాబులు రాకపోతే, ఒకరికొకరు వినపడని నోడ్లు గేట్‌వే దగ్గర ఢీకొంటున్నట్టు, లేదా లింకే బలహీనంగా ఉన్నట్టు. ఈ రెండింటినీ గేట్‌వే వైపు నుంచి విడదీయవచ్చు: చెడిపోయి చేరిన ఫ్రేముల సిగ్నల్ బలం ఎక్కువగా ఉంటే ఢీకొనడం, తక్కువగా ఉంటే దూరం. మొదటిదానికి పొరుగువారి బలాన్ని తగ్గించాలి లేదా ఛానెల్‌ను మార్చాలి; రెండోదానికి సొంత ఆంటెన్నాను సరిచేయాలి. ఈ తేడా తెలియక బలం పెంచేవారు ఢీకొనడాలను మరింత పెంచుతారు.

పక్క రైతు రేపు తన సెన్సర్లను తెచ్చుకున్నప్పుడు ఈ లెక్కలన్నీ మళ్లీ చూడవలసి వస్తుంది. అందుకని గేట్‌వే పెట్టె తలుపు లోపలి వైపు గుంపు సంఖ్య, ఛానెల్, పాన్ ఐడీ, కాలపు కిటికీ, నోడ్ల బలం, కొలిచిన తేదీ రాసిన కాగితాన్ని అతికించి, దాని ప్రతిని పొరుగు చెరువుల వారికీ ఇవ్వాలి. తాళాన్ని మాత్రం ఆ కాగితం మీద రాయకూడదు.